ఊరివాళ్లతో కలిసి కళా ప్రాజెక్టు చేయడం ఎలా: పీజీ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో సంగీతం, నాట్యం, రంగస్థలం, చిత్రకళ, జానపద విజ్ఞానం చదువుతున్న పీజీ విద్యార్థులు ప్రాజెక్టు సెమిస్టరు దగ్గరపడే కొద్దీ నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. ఊళ్లో ఉన్న కళాకారులతో, మామూలు జనంతో కలిసి ఏదైనా తయారుచేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు ఏది తర్వాత అని. విడివిడిగా చెప్పిన జవాబులన్నిటినీ ఒకచోట, పని జరిగే వరుసలో రాస్తున్నాను.

ఈ పనిలో ఎక్కువగా చెడేది వరుసే. విద్యార్థి మొదట తన గదిలో కూర్చుని అంశం రాసుకుంటాడు, తర్వాత కెమెరాతో ఊరికి వెళతాడు, విశ్వవిద్యాలయానికి సమర్పించాక వీలుంటే ఊరికి చూపిస్తాడు. ఊరికి వెళ్లి వచ్చాకే అంశం రాయాలి, ఊరు చూసి సరే అన్నాకే సమర్పించాలి. కింది మెట్లన్నీ ఈ రెండు మార్పుల మీద నిలబడినవే.

1. ముందుగా మీ విభాగం నిబంధనలు చదవండి

తిరుపతి చుట్టుపక్కల ఈ చదువుకు దారులు కొన్ని ఉన్నాయి. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళల కోసం ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం నగరంలోనే ఉన్నాయి. కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం జానపద, గిరిజన విజ్ఞానానికి పేరు పొందింది. రంగస్థలం, నాట్యం, చిత్రకళల్లో పీజీ కోసం హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలుకు వెళ్లేవారూ మన జిల్లాల నుంచి ఉన్నారు. సీట్లు, అర్హతలు మారుతుంటాయి కాబట్టి ఆ సంవత్సరపు ప్రకటన చూసుకోండి.

చేరిన తర్వాత, లేదా చేరడానికి ముందే, విభాగంలో ఈ కింది సంగతులు అడిగి రాసుకోండి.

- ప్రదర్శన, చిత్రం, గుడ్డ, రికార్డింగు వంటి సృజనాత్మక పనిని ప్రాజెక్టుగా అంగీకరిస్తారా, లేక సిద్ధాంత వ్యాసం మాత్రమేనా?
- రెండూ కావాలంటే ఒక్కోదానికి ఎన్ని మార్కులు, వ్యాసం ఎన్ని పేజీలు?
- ఊళ్లో జరిగే ప్రదర్శనను పరీక్షకులు వచ్చి చూస్తారా, వీడియో సరిపోతుందా?
- బైండింగుకు చివరి తేదీ ఏది?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే మిగిలిన కాలమంతా లెక్క కట్టాలి. రెండేళ్ల కోర్సులో ప్రాజెక్టు నాలుగో సెమిస్టరులో ఉంటే, ఊరికి మీ మొదటి ప్రయాణం మూడో సెమిస్టరు మొదట్లోనే జరగాలి. నాలుగో సెమిస్టరులో మొదలుపెట్టినవారు ఊరి సమయాన్ని తమ సమయంలోకి ఇరికించవలసి వస్తుంది, అది ఎవరికీ మంచిది కాదు.

2. ఖాళీ చేతులతో మూడుసార్లు వెళ్లండి

మొదటి మూడు ప్రయాణాలలో కెమెరా, రికార్డరు, ప్రశ్నల పట్టిక ఏవీ తీసుకువెళ్లకూడదు. సెల్‌ఫోను జేబులోనే ఉండనివ్వండి. ఈ మాట చెబితే చాలామంది విద్యార్థులు బస్సు ఖర్చు దండగ అనుకుంటారు. కానీ కెమెరా చూసిన మనిషి వెంటనే పది మందికి చూపించే ముఖం పెడతాడు, ఆ ముఖం వెనక ఉన్న మాట బయటికి రావడానికి తర్వాత నెలలు పడుతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు టీ అంగడి దగ్గరో గుడి అరుగు మీదో కూర్చోండి. "యాడ నుంచి వొచ్చినావు నాయనా? ఎవురింటికి?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దానికి ఒక్క వాక్యంలో నిజమైన జవాబు ముందే సిద్ధం చేసుకోండి. "తిరుపతిలో నాటకం చదువుతుండా పెద్దాయనా, మీ ఊళ్లో భారతం ఆడేవాళ్లను కలుసుకుందామని వచ్చినా" అంటే చాలు. పరిశోధన, డాక్యుమెంటేషన్ వంటి మాటలు వాడితే వెంటనే మిమ్మల్ని ఏ ఆఫీసు వాళ్లో అనుకుని మాట తగ్గిస్తారు.

రెండోసారి కళ తెలిసినవారిని కలవండి. మూడోసారి ఆ కళతో నేరుగా సంబంధం లేనివారితో మాట్లాడండి. వేషం కట్టే వాళ్ల ఇంట్లో ఆడవాళ్లు, తెర ఉతికే మనిషి, మేళానికి, అంటే నాటక బృందానికి, భోజనం పెట్టే ఇల్లు, నాటకం చూడడం మానేసిన కుర్రవాళ్లు. కొత్త ప్రశ్న ఎక్కువగా దొరికేది ఈ మూడో విడతలోనే.

ఇక్కడ ఒక సంగతి నిర్మొహమాటంగా చెప్పాలి. ఊరంటే ఒక్కటే మనిషి కాదు. గుడి ధర్మకర్త సరేనంటే ఊరంతా సరేనన్నట్టు రాసుకోవడం పెద్ద పొరపాటు. మన ప్రాంతంలో పలక డప్పులు కొట్టేవాళ్లు, పంబ వాద్యం వాయించే పంబలవాళ్లు చాలా ఊళ్లలో పెద్ద వీధిలో ఉండరు. పెద్దవాళ్లు వాళ్లను మీ దగ్గరికి పిలిపిస్తామని అంటే వద్దని చెప్పి, మీరే వాళ్ల ఇంటికి వెళ్లండి, అక్కడ పెట్టిన నీళ్లు తాగండి. పిలిపించి మాట్లాడించిన మాటకు, ఇంటి ముందు మంచం మీద కూర్చుని మాట్లాడిన మాటకు ఉన్న తేడా మీ పనిలో ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది.

ఈ మూడు ప్రయాణాలు ముగిసేసరికి మీ దగ్గర ఉండవలసినవి:

- పది మంది పేర్లు, వాళ్ల పని, వాళ్లకు వీలైన వేళ
- ఊరి పండుగల, పంటల క్యాలెండరు
- ఊరివాళ్లు తమంతట తాము చెప్పిన మూడు కొరతలు, ఉదాహరణకు మద్దెల వాయించేవాడు లేకపోవడం, పాటల పుస్తకం చిరిగిపోవడం
- మిమ్మల్ని వద్దన్న మనిషి పేరు, అతను చెప్పిన కారణం

చివరిది రాసుకోవడం మరిచిపోకండి. అతని అభ్యంతరమే తరచుగా మీ వ్యాసంలో అన్నిటికన్నా బలమైన అధ్యాయం అవుతుంది.

3. క్యాలెండరును ఊరి చేత రాయించుకోండి

చిత్తూరు ప్రాంతంలో పాల పనిని బట్టి ఇంటి పనులు నడుస్తాయి. పొద్దున, సాయంత్రం పాలు పిండి కేంద్రంలో పోసే వేళలో సమావేశం పెడితే ఎవరూ రారు. వేరుశనగ పీకే రోజులు, టమోటా కోతలు కూడా చూసుకోవాలి. ఆడవాళ్లతో పని అయితే పొదుపు సంఘం సమావేశం జరిగే రోజున, అది ముగిశాక అరగంట అడగడం అన్నిటికన్నా సులువు.

పండుగ మీద ప్రాజెక్టు చేసేవారికి ఇంకొంత జాగ్రత్త కావాలి. ద్రౌపదీ ధర్మరాజుల గుడుల దగ్గర జరిగే భారతం తిరునాళ్లు సాధారణంగా 18 రోజులు సాగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, మధ్యలో అర్జున వేషధారి ఎత్తైన మాను ఎక్కే తపస్సు మాను ఘట్టం, చివరి రోజు దుర్యోధన వధ, ఆ సాయంత్రం అగ్నిగుండం. ఈ 18 రోజులలో నటుడు రాత్రంతా ఆడి పగలు నిద్రపోతాడు. అప్పుడు ఇంటర్వ్యూ అడగడం అన్యాయం. తిరునాళ్లకు నెల ముందు మాటలు, తిరునాళ్లలో చూడడం మాత్రమే, ముగిసిన పది రోజులకు మళ్లీ మాటలు అని మూడు భాగాలు చేసుకోండి.

తిరుపతి గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది. చాటింపు వేశాక ఊరు దాటి బయట రాత్రి ఉండకూడదన్న కట్టుబాటును పాటించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ వారంలో మీ సహకళాకారుడిని హైదరాబాదులో సెమినారుకు రమ్మంటే అతను కాదనలేక ఇబ్బందిపడతాడు. ఇలాంటివి ముందే తెలుసుకోవడం మీ బాధ్యత.

4. ఇప్పుడు అంశం రాయండి, అదీ చిన్నదిగా

"చిత్తూరు జిల్లా జానపద కళారూపాలు: ఒక పరిశీలన" అనే అంశాన్ని ఒక సెమిస్టరులో ఎవరూ చేయలేరు. "ఒక మేళంలో పాత్ర తెర వెనక నుంచి ముందుకు వచ్చే ఘట్టాన్ని, ఆ మేళంతోనే కలిసి, బడి పిల్లల కోసం ఇరవై నిమిషాల ప్రదర్శనగా మలచడం" అనేది చేయగలిగిన అంశం. ఇందులో ఎవరితో, ఏది, ఎవరి కోసం, ఎంత అన్న నాలుగూ ఉన్నాయి. మీ అంశంలో ఈ నాలుగింటిలో ఏది లోపించినా మళ్లీ రాయండి.

అంశం రాశాక దాన్ని మామూలు తెలుగులో ఆరు వాక్యాలుగా చేసి, ఊళ్లో మీకు పరిచయమైన ఇద్దరికి చదివి వినిపించండి. వాళ్లు "దీంతో మాకేమొస్తుంది?" అంటే కోపం తెచ్చుకోకండి. అది సరైన ప్రశ్న. చిరిగిన పాటల పుస్తకాన్ని పెద్ద అక్షరాలలో టైపు చేయించి ఇవ్వడం, పిల్లలకు నేర్పే గురువుకు కూలి లెక్కన చెల్లించడం వంటి, మీరు నిజంగా చేయగలిగిన ఒక్కదాన్ని చెప్పండి. ప్రభుత్వ పింఛను ఇప్పిస్తామనో, టీవీలో వస్తుందనో ఎప్పుడూ అనవద్దు.

5. అనుమతి, డబ్బు, హక్కులు

అనుమతి అంటే కాగితం మీద వేలిముద్ర కాదు. మనిషికి అర్థమైందా లేదా అన్నదే ముఖ్యం. నేను విద్యార్థులకు ఇచ్చే నమూనా ఇది. దీన్ని చదివి వినిపించి, జవాబును వాళ్ల గొంతులోనే రికార్డు చేయండి.

"నా పేరు ఫలానా. నేను ఫలానా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాను. మీరు పాడేది రికార్డు చేసి నా చదువుకు మాత్రం వాడుకుంటాను. యూట్యూబులో పెట్టాలనుకుంటే మళ్లీ వచ్చి అడుగుతాను. ఫలానా తేదీన పుస్తకం కడతాను. ఆ లోపల ఎప్పుడు వద్దన్నా మీ మాట, మీ బొమ్మ తీసేస్తాను. ఆ తర్వాత వద్దంటే కొత్త చోట ఎక్కడా వాడను."

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద ప్రత్యేక హక్కు ఇస్తుంది, అది 50 సంవత్సరాలు ఉంటుంది. గాయకులు, నటులు, నర్తకులతో పాటు గారడీవాళ్లను, పాములాడించేవాళ్లను కూడా చట్టం ప్రదర్శకులుగానే లెక్కించింది. కేవలం బోధనకో పరిశోధనకో చేసే రికార్డింగుకు మినహాయింపు ఉంది. అయితే అదే రికార్డింగును మీ చానెల్లో పెట్టిన క్షణం ఆ మినహాయింపు మీకు అండగా ఉండదు.

శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే అక్కడ ఆ పద్ధతిలో తయారైనదానికే ఆ పేరు చెల్లుతుంది. అక్కడి చేతిపనివారి దగ్గర నేర్చుకున్న గీతను స్క్రీను మీద అచ్చు వేయించి, దానికి శ్రీకాళహస్తి కలంకారీ అని పేరు పెట్టడం తప్పు. మీ ప్రయోగానికి మీరే వేరే పేరు పెట్టుకోండి, నేర్చుకున్న చోటును కృతజ్ఞతగా పేర్కొనండి.

చట్టంలో లేని హద్దులు కూడా ఉన్నాయి. గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు కట్టినవారు మొక్కు తీర్చుకుంటున్న భక్తులు. ఒంటికి కుంకుమ పూసుకున్న మనిషిని ఆపి, ఇటు తిరగండి, ఇంకోసారి నడవండి అని చెప్పకూడదు. ఆ రోజున అమ్మవారిని తిట్టే తిట్లను సందర్భం లేకుండా పదిహేను సెకన్ల ముక్కగా బయట పెడితే, నమ్మకంతో చేసిన పని నవ్వులపాలవుతుంది. అలాంటి చోట చూసి రాయడమే మంచిది.

డబ్బు విషయంలో నా అభిప్రాయం స్పష్టం. మీ కోసం ఒక పూట పని మానుకున్న మనిషికి ఆ పూట కూలి ఇవ్వాలి. పండూ శాలువా దానికి బదులు కావు. పదిమందికి రెండు పూటల కూలి, బస్సు ఖర్చులు, భోజనం, ఫోటో ప్రింట్లు, ఒక అదనపు మెమరీ కార్డు, ఇవి మీ బడ్జెట్టులో మొదటి వరుసలు. 18 నుంచి 25 సంవత్సరాల వయసువారికి కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల ఉపకారవేతనం నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తుంది. గురువు దగ్గర కొన్నేళ్లు నేర్చుకుని ఉన్నవారు దానికి ప్రయత్నించవచ్చు.

పని మొదలయ్యే ముందు సరిచూసుకోండి:

- ప్రతి మనిషి అనుమతి విడిగా తీసుకున్నారా? గుంపు తరఫున ఒక్కరు చెప్పింది చాలదు.
- పిల్లలుంటే తల్లిదండ్రుల, బడి ప్రధానోపాధ్యాయుల అనుమతి రాతలో ఉందా?
- పేరు వేయాలా వద్దా అని అడిగారా? కొందరు తమ పేరు పెద్దగా ఉండాలంటారు, కొందరు అసలు వద్దంటారు.
- రికార్డు చేయకూడని భాగాలు ఏవో వాళ్లే చెప్పారా?

6. సృజన దినచర్య పుస్తకం

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే పీజీ ప్రాజెక్టులో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. చివరి ప్రదర్శన బాగుంటుంది, కానీ అది ఎలా ఆ రూపానికి వచ్చిందో చెప్పడానికి విద్యార్థి దగ్గర ఏ ఆధారమూ ఉండదు. మౌఖిక పరీక్షలో పరీక్షకుడు అడిగేది కూడా అదే.

గీతలు లేని 200 పేజీల నోటు పుస్తకం ఒకటి కొనండి. ఎడమ పేజీలో జరిగింది మాత్రమే రాయండి. కుడి పేజీలో మీకు తోచింది రాయండి. అడుగున ఒక గీత కొట్టి, రేపు ఏమి మార్చాలో ఒక వాక్యం రాయండి. తేదీ, వేళ తప్పనిసరి. రాత్రి ఇంటికి చేరాక కాకుండా, బస్సులోనే రాయడం మొదలుపెట్టండి. మరుసటి రోజుకు మాటలు మనకు నచ్చినట్టుగా మారిపోతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకుంటున్న విద్యార్థి పుస్తకంలో ఎడమ పేజీ ఇలా ఉండాలి. (కసిమి అంటే ఇనుముతో తయారుచేసే నల్ల రంగు ద్రవం.)

"ఉదయం 10.20. మూడో గుడ్డ. కసిమితో గీసిన గీత అంచులు ఈకల్లా పాకినాయి. అక్క గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి, పాలు చాల్లేదు అమ్మణ్ణీ అన్నారు. నిన్న కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నేనే ముంచాను, నీళ్లు ఎక్కువ పోసినట్టున్నాను. అక్క కలం మార్చలేదు, కసిమి మార్చలేదు. కొత్త గుడ్డ ముంచమన్నారు."

కుడి పేజీలో: "గీత పాకడం చేతి లోపం అనుకుని రెండు రోజులు చేతిని సరిచేసుకున్నాను. లోపం గుడ్డలో ఉంది. కసిమిలోని ఇనుము కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలి నల్లబడుతుంది, పాలలోని కొవ్వు ఆ నలుపును పాకకుండా పట్టి ఉంచుతుంది. అయితే నా బొమ్మలో వాన మేఘం ఉంది. మేఘానికి పాకిన అంచే కావాలేమో?"

అడుగున: "రేపు: మేఘానికి మాత్రం పాలు తక్కువ పట్టిన గుడ్డ ముక్క మీద ప్రయత్నం, ముందు అక్కను అడగాలి."

ఈ ఒక్క పేజీలో పదార్థ జ్ఞానం ఉంది, పొరపాటు ఉంది, గురువు తీర్పు ఉంది, విద్యార్థి సొంత ఊహ పుట్టిన క్షణం ఉంది. ఇలాంటి పేజీలు ముప్పై ఉంటే వ్యాసంలో రెండు అధ్యాయాలు వాటంతట అవే తయారవుతాయి. "ఈ రోజు వర్క్‌షాపు చాలా బాగా జరిగింది, అందరూ ఉత్సాహంగా పాల్గొన్నారు" అని రాసిన పేజీ దేనికీ పనికిరాదు.

పాడైన గుడ్డ ముక్కలను, కొట్టివేసిన పాట చరణాలను, మొదటి రిహార్సలు ఫోటోలను పారేయకండి. తేదీ వేసి ఒక కవరులో దాచండి.

7. కలిసి తయారుచేసే రోజులు

మొదటి సమావేశంలోనే మూడు రకాల నిర్ణయాలను విడదీసి చెప్పండి. కొన్ని పూర్తిగా వాళ్లవి: ఏ పాట బయట పాడవచ్చు, ఏ పాత్ర ఎవరు కట్టాలి. కొన్ని మీవి: నిడివి, సమర్పణ తేదీ. కొన్ని ఇద్దరివీ: వరుస, వేదిక, పేరు. ఈ విభజనను చార్టు మీద రాసి గోడకు అంటించినవారికి తగాదాలు తక్కువ వచ్చాయి.

ఒక్కో సమావేశం రెండు గంటలు దాటకూడదు. మొదటి పావుగంట కబుర్లు, తర్వాత ముందు సారి ఏమి చేశామో ఊరివాళ్లలో ఒకరే చెప్పాలి, తర్వాత పని, చివరి పావుగంట వచ్చే సారికి ఎవరు ఏమి తేవాలో. పిల్లలు ఉంటే గంట చాలు.

విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు, ముందే రాసుకున్న స్క్రిప్టు తెచ్చి వాళ్ల చేత చెప్పించడం. వీధినాటకం ఆడే మనిషికి వచనం నోటికి వస్తుంది, మద్దెల దెబ్బను బట్టి అది సాగుతుంది, కుదించుకుంటుంది. అతని చేతికి కాగితం ఇస్తే అతనిలోని నటుడు పోయి చదివే మనిషి మిగులుతాడు. ఘట్టం పేరు మాత్రం చెప్పి ఆడమనండి, ఆడింది విని తర్వాత రాసుకోండి, రాసింది చదివి వినిపించి ఏది తీసేయాలో అడగండి.

కుర్రవాళ్లు సినిమా బాణీ కలుపుతామంటే వెంటనే కాదనకండి. గురువు ముందు వినిపించమనండి. తీర్పు ఆయనది.

8. రికార్డింగు, ఫైళ్లు

ధ్వనిని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా తీయండి. స్టీరియోలో గంటకు సుమారు ఒక గిగాబైటు పడుతుంది, కాబట్టి 32 జీబీ కార్డు ఒక రాత్రి నాటకానికి ధారాళంగా సరిపోతుంది. పలకలు, పంబలు ఉన్నచోట మొదటి దెబ్బకే మీటరు ఎర్రబడుతుంది. ధ్వని శిఖరం మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఉండేట్టు ముందే తగ్గించి, రికార్డరును వాద్యాల ఎదురుగా కాక పక్కగా పెట్టండి. మైకు సెట్టు స్పీకరు ముందు పెట్టినవారికి గీకుడు తప్ప ఏమీ దక్కదు.

ఫైలు పేరులో తేదీ, ఊరు, మనిషి, వరుస సంఖ్య ఉండాలి. అదే రాత్రి మూడు ప్రతులు చేయండి: ల్యాప్‌టాపులో ఒకటి, విడి డిస్కులో ఒకటి, వేరే ఇంట్లోనో ఆన్‌లైన్‌లోనో ఒకటి. కార్డును మరుసటి ప్రయాణం దాకా చెరపకండి.

9. సమర్పణకు ముందు ఊరికి చూపించండి

ఈ మెట్టును నేనే ఒకసారి దాటేశాను. చాలా ఏళ్ల కిందట ఒక ఊరి భజన బృందం మీద చేసిన పనిని, గడువు దగ్గరపడిందని ముందు బైండింగు చేయించి సమర్పించాను. మూడు వారాల తర్వాత ఒక ప్రతి తీసుకుని ఊరికి వెళ్లాను. బృందం పెద్ద కొడుకు పుస్తకం తిప్పుతూ ఒక ఫోటో దగ్గర ఆగిపోయాడు. తాళాలు పట్టుకున్న ఆయన బొమ్మ కింద మద్దెల వాయించే ఆయన పేరు ఉంది. ముప్పై ఏళ్లు మద్దెల వాయించిన ఆ పెద్దాయన అప్పటికి నెల కిందటే పోయారు. ఆయన పేరు సరిగా ఉన్న పుస్తకం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఈనాటికీ లేదు. నేను చేత్తో దిద్ది ఇచ్చిన ఒక్క ప్రతి ఆ ఇంట్లో మాత్రం ఉంది.

అందువల్ల బైండింగుకు కనీసం మూడు వారాల ముందు ఊళ్లో చూపించే రోజు పెట్టుకోండి. ఆ రోజు చేయవలసినవి వరుసగా ఇవి.

- ప్రతి ఫోటోను చూపి, మనిషి పేరు, ఇంటిపేరు, వాద్యం పేరు వాళ్ల నోటితో చెప్పించి రాసుకోండి.
- పాటలను పైకి చదవండి. తప్పు విన్న మాట దగ్గర వాళ్లే ఆపుతారు.
- "ఇది వద్దు" అన్నదాన్ని అక్కడే, వాళ్ల కళ్ల ముందే కొట్టేయండి.
- మాట్లాడని వాళ్లను విడిగా, ఇంటికి వెళ్లి అడగండి. గుంపులో ఆడవాళ్లు, చిన్నవాళ్లు అభ్యంతరం చెప్పకపోవచ్చు.
- వచ్చిన దిద్దుబాట్ల పట్టికను వ్యాసానికి అనుబంధంగా చేర్చండి.

చివరి అంశాన్ని చూసి మార్కులు తగ్గుతాయేమోనని కొందరు భయపడతారు. నేను చూసినంతలో పరీక్షకులు ఆ పట్టికను మెచ్చుకున్నారే తప్ప తప్పుపట్టలేదు.

10. వ్యాసం రాయడం

పని ముగిశాక రాద్దామనుకోకుండా, దినచర్య పుస్తకంలో ప్రతి పది పేజీలకు ఒకసారి రెండు పేజీల సారం రాసుకుంటూ రండి. వ్యాసంలో ఊరి పరిచయం నాలుగు పేజీలకు మించనవసరం లేదు. జిల్లా చరిత్ర, మండలాల పట్టిక, జనాభా లెక్కలతో ముప్పై పేజీలు నింపిన ప్రాజెక్టులు ఎన్నో చూశాను, వాటిలో అసలు పనికి చోటే మిగలలేదు.

వాళ్ల మాటలను వాళ్ల యాసలోనే ఉంచండి. "చేస్తాండాము" అన్నదాన్ని "చేస్తున్నాము" అని దిద్దవద్దు. మీ వివరణ మాత్రం శుద్ధమైన వ్యావహారికంలో ఉండాలి.

ఇతరుల రాతల నుంచి తీసుకున్నదానికి ఆధారం చెప్పండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపు ఉంటే చర్య ఉండదు, ఆపైన శాతాన్ని బట్టి శిక్ష పెరుగుతుంది. ఆ లెక్క కట్టేది కంప్యూటరు, అంటే యంత్రం. కళాకారుడు చెప్పిన ఆలోచనను మీ ఆలోచనగా రాస్తే ఏ యంత్రమూ పట్టుకోలేదు, అయినా అది దొంగతనమే. పేరు వేయండి.

11. మధ్యలో వచ్చే చిక్కులు, వాటికి దారులు

*ముఖ్య కళాకారుడు తప్పుకున్నారు.* కారణం అడగండి, బతిమాలకండి. మొదటి మూడు ప్రయాణాలలో రాసుకున్న పది పేర్ల పట్టిక ఇక్కడే పనికొస్తుంది. ఆయన తప్పుకోవడం వల్ల అంశం మారితే, మారిందని వ్యాసంలో దాచకుండా రాయండి.

*ఊళ్లో రెండు వర్గాలయ్యాయి.* ఎన్నికల ముందు ఇది తరచుగా జరుగుతుంది. ప్రదర్శన తేదీని వెనక్కి జరపండి. ఏ నాయకుడినీ ముఖ్య అతిథిగా పిలవకండి, ఆహ్వానపత్రం మీద కళాకారుల పేర్లు మాత్రమే వేయండి.

*గైడు సిద్ధాంతం చాలదంటున్నారు.* దినచర్య పుస్తకం తీసుకువెళ్లి మూడు పేజీలు చూపించి, ఏ సిద్ధాంతం వీటిని వివరిస్తుందో చెప్పమని అడగండి. సిద్ధాంతాన్ని మీ పనికి తగినట్టు ఎంచుకోవడానికి అదే మార్గం.

*వాన.* బడి వరండాను ముందే అడిగి పెట్టుకోండి.

*రికార్డింగు పోయింది.* ఆ రోజే వెళ్లి నిజం చెప్పండి. మళ్లీ పాడమని వెంటనే అడగకుండా, వాళ్లకు వీలైన రోజు కనుక్కోండి. రెండోసారి కూలి మళ్లీ ఇవ్వాలి.

12. తిరిగి ఇవ్వడం

పెన్‌డ్రైవు ఇచ్చి వచ్చేస్తే ఇచ్చినట్టు కాదు, చాలా ఇళ్లలో దాన్ని పెట్టి చూసే సాధనం ఉండదు. సెల్‌ఫోనులో చూడగలిగేలా చిన్న వీడియో ఫైళ్లు చేసి, వాళ్ల ఫోనులోకి ఎక్కించి, తెరిచి చూపించండి. ఫోటోలు ఎనిమిది అంగుళాల ప్రింట్లుగా వేయించి ప్రతి ఇంటికీ ఇవ్వండి. పాటల పుస్తకం పెద్ద అక్షరాలలో, రాత్రి దీపం వెలుగులో చదువుకునేంత ముదురు సిరాతో ఉండాలి. ఒక ప్రతి గుడిలో, ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి మీ విభాగం గ్రంథాలయంలో ఉంచండి.

మార్కులు వచ్చిన రోజున ఫోను చేసి చెప్పండి. వచ్చే ఏడాది తిరునాళ్ల తేదీ వాళ్లనే అడిగి మీ క్యాలెండరులో రాసుకోండి. ఆ రోజుకు బస్సు టికెట్టు ఖర్చును కూడా ప్రాజెక్టు బడ్జెట్టులోనే ముందుగా తీసి పక్కన పెట్టండి.